తేలు కొండి పక్కన ఎనభై చుక్కలు

జనాభా లెక్కల గుమాస్తా గుమ్మంలో నిలబడి, అట్ట మీద కాగితం సర్దుకుని, "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాడు.

"చిల్లులు పెడతాను" అంది సూదత్త, చేతిలో పని ఆపకుండానే.

"దేనికి?"

"కాగితాలకి."

గుమాస్తా ఆవిడ ముఖంలోకి చూశాడు. వేళాకోళమేమో అనుకున్నాడు. కాదని తెలిశాక ఫక్కున నవ్వాడు. వెనక పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న ఆవిడ మొగుడు, రిటైరైన బస్సు కండక్టరు, తనూ నవ్వు కలిపి, "మా ఇంట్లో ఇద్దరిదీ అదే వృత్తి బాబూ. నేను టిక్కెట్టుకొకటి పెట్టి పెన్షను తెచ్చుకున్నాను. ఈవిడ కోట్లు పెట్టి నడుంనొప్పి తెచ్చుకుంది" అన్నాడు. ఇద్దరూ మళ్ళీ నవ్వుకున్నారు. గుమాస్తా కాగితం మీద ఏదో గీకి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఏం గీకాడో సూదత్త చూడనే చూసింది. కాగితాన్ని వెనకనుంచీ తలకిందులుగానూ చదవడం ఆవిడకి మంచినీళ్ళ ప్రాయం. 'ఏ పనీ లేదు' అని రాశాడు.

ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. కండక్టరుతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున, గుమాస్తా ఏం రాసుకెళ్ళాడో అతనికి చెప్పింది.

నిజానికి ఆ గుమాస్తాని అని లాభం లేదు. వాడి చొక్కా జేబు మీదే నీలిదారంతో చిన్న పువ్వు కుట్టి ఉంది. ఆ పువ్వు కంటే ముందు అక్కడ చుక్కలు ఉండేవని వాడికెవరు చెప్పారు గనక? గుడ్డ మీద పువ్వు కుట్టాలంటే ముందు పల్చటి నూనెకాగితం మీద బొమ్మ గీయాలి. ఆ గీతల వెంట సూదితో సన్నటి చిల్లులు పొడవాలి. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన నీలంపొడిని దూదితో రుద్దితే, చిల్లుల్లోంచి పొడి దిగి గుడ్డ మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీదే కుట్టేవాళ్ళు కుడతారు. కుట్టు పడ్డాక చుక్క కనపడదు. పువ్వు కుట్టినవాళ్ళకి పేరొస్తుంది, చుక్క పెట్టినవాళ్ళకి వేలి మీద కాయ వస్తుంది. సూదత్త కుడి చూపుడువేలికి కందిగింజంత కాయ ఉండేది.

పదకొండో ఏట సూదత్త తన మేనత్త కుట్టుగదిలో చేరింది. కుట్టు నేర్పుదామని మేనత్త మూడు నెలలు తంటాలు పడింది. నాలుగో నెల మొదట్లో గుడ్డ పైకెత్తి చూసి, "ఇది పువ్వా, పిల్లి గీరిన గాటా?" అని పక్కన పారేసి, సూదీ కాగితమూ చేతికిచ్చింది. ఆ చేతికి కుట్టు రాలేదు గానీ పోటు వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ వీధిలో అంత సన్నగా, అంత సమానంగా పొడిచేవాళ్ళు లేరు. మేనత్త నోటివెంట మెప్పు ఒక్కసారే వచ్చింది. "ఇది పొడిస్తే కాగితానికి కూడా నొప్పి తెలీదు" అంది. ఆ ఒక్కమాట సూదత్త నలభై ఏళ్ళు దాచుకుంది.

మేనత్త శాస్త్రంలో ఒక సూత్రం మాత్రం దెబ్బతిని నేర్చుకున్నది. చుక్కలు మరీ దగ్గరగా పడితే పొడి ఒకదాంట్లోకొకటి పాకి ముద్దయిపోతుంది, గుడ్డ మరకవుతుంది. పన్నెండేళ్ళప్పుడు ఒక పెళ్ళికూతురి బట్టల మీద సూదత్త అలాగే చేతివెడల్పు నీలిమరక చేసింది. ఆ మరక వదిలించడానికి మూడు రోజులు చేతులు ఒరుసుకుపోయేలా ఉతికింది. మేనత్త పక్కనే కూర్చుని మూడు రోజులూ ఒకే మాట అంది. "ముద్ద కనపడితే విడదీయి. పదుంటే మూడుంచు." అప్పట్నుంచి ఎవరి బొమ్మలో చుక్కలు గుంపుగా ఉన్నా ఆవిడ చెయ్యి దానంతటదే పల్చన చేసేది. అడగనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు. మంచి పనంటే అదే.

ఇప్పుడు వీధి చివర కంప్యూటరు మిషను వచ్చింది. బొమ్మ గీసిస్తే చాలు, అదే కుట్టేస్తుంది. సూదత్త దగ్గరికి వారానికి రెండు కాగితాలు వస్తే ఎక్కువ. అలాంటి రోజుల్లో వచ్చాడు ఆ గుమాస్తా. పుండు మీద కారం చల్లినట్టయింది.

వాడు వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న గుమ్మటం మాస్టారు వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఎదురుగా ఉన్న నక్షత్రశాలలో పిల్లలకి ఆకాశం చూపించే ఉద్యోగం. గుండ్రటి కప్పున్న ఆ గది నడుమ ఒక యంత్రం ఉంటుంది. అందులో ముప్ఫై రెండు రాగిరేకులు, ఒక్కొక్కటీ అరచేతి మేర, కాగితం కంటే పల్చన. రేకు వెనక దీపం, ముందు భూతద్దం లాంటి అద్దం. రేకులోని ఒక్కో చిల్లూ కప్పు మీద ఒక్కో నక్షత్రమై వెలుగుతుంది. పట్టపగలు పదకొండింటికి కూడా అక్కడ నిండు ఆకాశం ఉంటుంది.

మాస్టారు కుర్చీలో కూర్చోలేదు. కిటికీకి ఆరేసి ఉన్న నూనెకాగితం దగ్గరే నిలబడిపోయాడు. వెనకనుంచి ఎండ పడి కాగితమంతా వెలుగుచుక్కలుగా ఉంది.

"అత్తా, ఇది మీరే పొడిచారా?"

"లేకపోతే చిమ్మెటలా?" అంది సూదత్త. కోపం ఇంకా దిగలేదు మరి.

మాస్టారు జేబులోంచి మాడి ముడుచుకుపోయిన రాగిరేకు తీసి బల్ల మీద పెట్టాడు. వృశ్చికరాశి రేకు. ఆకాశం ఇంకొంచెం వెలుగ్గా కనపడాలని ఆశపడి, తనే పెద్ద బల్బు పెట్టాడట. అది కాస్తా రేకుని మాడ్చేసింది. ఆ యంత్రం చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. ఈలోగా, నక్షత్రశాల ఎవరి అజమాయిషీలో ఉందో ఆ మునిసిపాలిటీ ఇంజినీరుగారు కబురు పెట్టారు. పిల్లలకి తేలు లేని ఆకాశం చూపించడం కంటే చూపించకపోవడమే నయం, పన్నెండు రోజుల్లో వచ్చి చూస్తాను, రేకు ఉండి సరిగ్గా ఉంటే సరే, లేకపోతే గుమ్మటాన్ని పాత ఫైళ్ళు పెట్టుకునే గది చేసుకుంటాం అన్నారు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అత్తా. తప్పు నాదే. కానీ ఆ గదిలో ఫైళ్ళు పేరిస్తే నేను చూడలేను" అన్నాడు మాస్టారు.

సూదత్త రేకుని గోటితో మీటి చూసింది. వంచి చూసింది. "కాగితం కంటే మొండిది, డబ్బారేకు కంటే మెత్తనిది. బొమ్మేదీ?" అంది.

మాస్టారు పటం తెచ్చిచ్చాడు. అద్దం బొమ్మని తిరగేస్తుంది కాబట్టి పటం కూడా తలకిందులుగానే గీశాడు. ఆ సంగతి విప్పి చెప్పబోతుంటే, "నాకా చెప్తున్నావు నాయనా?" అని నవ్వింది. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

పెద్ద నక్షత్రానికి పెద్ద చిల్లు, చిన్నదానికి చిన్న చిల్లు. పూసలు గుచ్చే సన్నసూది నుంచి గోనెసంచులు కుట్టే దబ్బనం దాకా ఏడు సూదులు వరసగా పెట్టుకుంది. దబ్బనం మొన ఒక్కసారే వాడింది, అది జ్యేష్ఠకి. తేలు గుండెలో ఎర్రగా ఉండే నక్షత్రం అదేనని మాస్టారు చెప్పాడు. అయిదు రోజులకి రేకు పూర్తయింది. తలనుంచి తోక దాకా ఒక్క పోటూ గీత దాటలేదు. ఆవిడకే ముచ్చటేసింది.

రేకు యంత్రంలో పెట్టి, ఈసారి పాత చిన్న బల్బుతోనే దీపం వేశారు. గుండ్రటి కప్పు మీద తేలు లేచింది. ఎత్తిన తోక, వంగిన కొండి, గుండెలో జ్యేష్ఠ. సూదత్త నోరు తెరుచుకుని పైకి చూస్తోంది. చీకట్లో మాస్టారు గొంతు వినపడింది.

"అత్తా... కొండి పక్కన రెండు గుంపులుండాలి. ఏవీ?"

"ఉన్నాయిగా! ఒక దాంట్లో తొమ్మిది పెట్టాను, ఒక దాంట్లో అయిదు."

"పటంలో ఎనభై, ముప్ఫై ఉన్నాయి కదా!"

"ముద్దయిపోతుందని విడదీశాను" అంది ఆవిడ, మెచ్చుకుంటాడేమోనని.

మాస్టారు ఇంకోవైపు వేలు చూపించి, "జ్యేష్ఠ పక్కన మసగ్గా గుండ్రంగా ఒకటి గీశాను..." అన్నాడు.

"సిరా మరక కదూ? వదిలేశాను."

దీపాలు వెలిగాయి. మాస్టారు మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. ఇంజినీరుగారికి రాసిన ఉత్తరంలో, ఫలానా గుంపులో ఎనభై నక్షత్రాలతో కొత్త రేకు తయారవుతోందని రాసేశాడట. ఇంకా ఏడు రోజులే ఉన్నాయి.

సూదత్తకి ముందు పౌరుషం వచ్చింది. నలభై ఒక్క ఏళ్ళ పనితనంలో ఎవరూ వేలెత్తి చూపలేదు. మేనత్త సూత్రం తప్పంటే మేనత్త తప్పన్నట్టే. కానీ మాస్టారి ముఖం చూస్తే కోపం నిలబడలేదు. "నిజంగా అంత ముద్దగా ఉంటాయా? నాకు చూపించు. కళ్ళతో చూడనిదే చెయ్యి ఒప్పుకోదు" అంది.

ఆ రోజు దీపాలు పెట్టాక, ఎనిమిది గంటలవేళ, నక్షత్రశాల డాబా ఎక్కారు. కండక్టరు కూడా వెంట వచ్చాడు. ఆవిడ మళ్ళీ మాట్లాడుతోంది కాబట్టి ఎక్కడికి రమ్మన్నా వచ్చే స్థితిలో ఉన్నాడు. వీధి దీపాలు అడ్డం రాకుండా మాస్టారు గోడపక్కకి తీసుకెళ్ళి దక్షిణం వైపు చూపించాడు. సూదత్తకి దగ్గరి చూపుకే కళ్ళజోడు కావాలి, దూరం చూపు ఇప్పటికీ డేగ చూపే. తాను పొడిచిన తేలు అక్కడ నిలువునా ఉంది. ఏ చుక్క ఎక్కడుందో వేళ్ళకి ముందే తెలుసు. కొండి పక్కన మాత్రం మసకగా ఏదో ఉంది, ఎంత ఉతికినా పోని మరకలాగా.

మాస్టారు బైనాక్యులర్స్ చేతికిచ్చాడు.

మరక విడిపోయింది. ఒక్కొక్కటీ సూదిమొనంత, ఒక్కొక్కటీ వేరువేరుగా, పదులకొద్దీ చుక్కలు. దగ్గరగా ఉన్నా ఒకదాంట్లోకొకటి పాకలేదు. పైనున్న రెండో గుంపు రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కనిపించింది.

"ఇవన్నీ ఒకే మబ్బులోంచి పుట్టాయి అత్తా. ఒక్క కాన్పు అక్కచెల్లెళ్ళనుకోండి. ఇప్పుడు మీ కంట్లో పడ్డ వెలుగు ఇంచుమించు వెయ్యేళ్ళ కిందట బయల్దేరింది."

"మరి ఆ సిరా మరక?"

"జ్యేష్ఠ పక్కకి రండి. కనపడిందా, పిండి చల్లినట్టు? అందులో ఉన్నవి వేలకి వేలు. అంత దూరాన ఉన్నాయి కనక మనకి విడిగా కనపడవు. అది గుండ్రటి గుంపు, ఆ కొండి దగ్గరివి చెదిరిన గుంపులు."

"ఇంతమంది అక్కచెల్లెళ్ళని నేను తుడిచిపారేశానే!" అంది సూదత్త. కండక్టరు బైనాక్యులర్స్ అడిగి తీసుకుని, చూసి, "ఏమోయ్, బస్సు నిండా ఉన్నారుగా, ఫుట్‌బోర్డు మీద కూడా!" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అప్పటికే చేతివేళ్ళు గాలిలో పోట్లు పొడుస్తున్నాయి.

మర్నాడు పొద్దున్నే మొదలైంది అసలు తిప్పలు. ఎనభై చిల్లులు పట్టాల్సిన చోటు ఆవిడ వేలి మీది కాయంత. కాగితం పనికి వాడే ఉన్నిగుడ్డ మీద పెట్టి పొడిస్తే రేకు గుంట పడింది. చెక్క మీద పెడితే పదిహేనో పోటుకి చిరిగింది. రబ్బరు మీద పెడితే చిల్లుకి అంచు లేచింది. మాస్టారు తెచ్చిచ్చిన ఖాళీ రేకుల్లో మూడు పాడయ్యాయి. మాస్టారి దగ్గర ఇంక రెండే మిగిలాయి. మూడు రోజులు గడిచిపోయాయి.

నాలుగో రోజు కండక్టరు స్నానాల గదిలోంచి కేకేశాడు. "ఏమోయ్, నా సబ్బేదీ?"

"పనిలో ఉంది."

తువ్వాలు చుట్టుకుని వచ్చి చూశాడు. కొత్త సబ్బుబిళ్ళ బల్ల మీద బోర్లా ఉంది, దాని మీద రాగిరేకు అతుక్కుని ఉంది. సూదత్త పూసల సూది మొనని సానరాయి మీద ఇంకా సన్నగా అరగదీసి పొడుస్తోంది. సబ్బు సూదిమొనని పట్టుకుంటుంది, కానీ వెనక్కి తోయదు. రేకు గుంట పడలేదు, చిరగలేదు. "ఒంటికి రుద్దుకోవాల్సినదానికి చుక్కలు పొడుస్తున్నావా?" అన్నాడు కండక్టరు. కానీ ఆ పూట సబ్బు లేకుండానే స్నానం చేశాడు. పై రెండు రోజులూ వంట కూడా తనే చేశాడు. ఆ వంట సంగతి చెప్పుకోకపోవడం మంచిది.

తేలు ఒళ్ళు వేళ్ళకి కంఠతా వచ్చేసింది కనక కొత్త రేకు మీద ఒక్క పూటలో దిగింది. గుంపుల దగ్గర మాత్రం, చేతిలో కూర్చున్న సూత్రాన్ని చేతితోనే ఎదిరించడం మాటలు కాదు. ప్రతి రెండు చుక్కల మధ్యా వేళ్ళు దూరం జరగబోయేవి. "ఆగు" అని తన వేలికి తానే చెప్పుకుని పక్కనే పొడిచేది. రెండో రోజు మధ్యాహ్నానికి వేలు మాట వింది. ఎనభై అయ్యాయి. సీతాకోకచిలుక ముప్ఫై అయ్యాయి. జ్యేష్ఠ పక్కన పిండిముద్దకి సూది కూడా ముట్టీ ముట్టనట్టు, కంటికి ఆననంత సన్నగా వంద దాకా పొడిచింది. రేకుని నీళ్ళలో కడిగి, సబ్బు అడ్డుపడ్డ చిల్లుల్లోంచి తలవెంట్రుక పోనిచ్చి శుభ్రం చేసింది. సూది పెడితే చిల్లు పెద్దదవుతుంది, వెంట్రుకైతే దాని మర్యాద అది నిలుపుకుంటుంది.

లెక్క కండక్టరు చూశాడు. కిటికీ వెలుగుకి రేకుని పట్టి, భూతద్దం పెట్టి, పెదాలు కదుపుతూ మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఎనభయ్యే వచ్చాయి. భూతద్దం దించి భార్యకేసి చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. ముప్ఫై ఏళ్ళుగా మాటకి తడుముకోని మనిషి అలా ఆగడం సూదత్త ఎప్పుడూ చూడలేదు.

ఇంజినీరుగారు చెప్పిన రోజున, చెప్పిన టైముకే వచ్చారు. బక్కపల్చటి మనిషి, చేతిలో అచ్చుపటం, మెడలో బైనాక్యులర్స్. మాస్టారు పరిచయం చేస్తుంటే, "ఈవిడ ఏం చేస్తుంటారు?" అన్నారు.

"చిల్లులు పెడతాను" అంది సూదత్త.

ఆయన నవ్వలేదు గానీ, కనుబొమ్మ ఒకటి పైకి లేచింది.

దీపాలు ఆరిపోయాయి. తేలు లేచింది. ఈసారి కొండి పక్కన మసకమరక ఉంది, దాని పైన ఇంకోటి, జ్యేష్ఠ పక్కన పిండి చల్లినట్టు. మాస్టారు ఒక్కొక్కటీ చెప్తుంటే ఇంజినీరుగారు బైనాక్యులర్స్‌తో పటం ప్రకారం చూసుకుంటూ పోయారు. అరగంట గడిచింది. తలా, మొండెం, తోక అన్నీ సరిపోయాయి. చివరికి కొండి పక్క గుంపు దగ్గర ఆగి, తలకిందకి చెయ్యి పెట్టుకుని లెక్క మొదలెట్టారు.

"డెబ్బై తొమ్మిది" అన్నారు.

ఇంజినీరుగారు మళ్ళీ లెక్కపెట్టారు. "డెబ్బై తొమ్మిదే. ఎనభై అని రాశారు మీరు. ఒక్కటే కదా అనుకోవచ్చు. కానీ ఎంచి చూసినచోటే ఒకటి తగ్గితే, ఎంచనిచోట ఎన్ని తగ్గాయో నాకెలా తెలుస్తుంది?"

మాట న్యాయమైనదే. వెనక వరసలోంచి కుర్చీ కిర్రుమంది.

"తప్పు సార్. ఎనభై ఉన్నాయి. నేను లెక్కపెట్టాను" అన్నాడు కండక్టరు, లేచి నిలబడి. "ముప్ఫై మూడేళ్ళు బస్సులో తలకాయలు లెక్కపెట్టాను. పండగ రద్దీలో, చీకట్లో, వానలో. ఒక్క తలకాయ తప్పలేదు. మా ఆవిడ చెయ్యి అంతకంటే తప్పదు."

సూదత్త చీకట్లో అతని వైపు తిరిగింది. ముఖం కనపడలేదు. తర్వాత చెయ్యి చాచి, "బాబూ, ఆ బైనాక్యులర్స్ ఒకసారి ఇలా ఇవ్వండి" అంది ఇంజినీరుగారితో.

పట్టుకుని చూసింది. గట్టిగా అర నిమిషం కూడా పట్టలేదు.

"కొండి వైపు నుంచి చూడండి. అంచున జంటచుక్కలున్నాయి కదా. వాటికి పైన మూడు మెట్లలా ఉన్నాయి. నడిమి మెట్టుకి ఎడమపక్కన ఒకటుండాలి. అది లేదు."

ఇంజినీరుగారు టార్చి వేసి పటం చూసుకున్నారు. జంటచుక్కలు, మూడు మెట్లు, నడిమి మెట్టుకి ఎడమపక్కన ఒక చుక్క. పటంలో ఉంది. పైకి చూశారు, లేదు. ఆయనకి లెక్క తగ్గిందని తెలిసింది గానీ, తగ్గినది ఏదో తెలియలేదు. ఎనభై మంది పిల్లల్లో రానిదెవరో తల్లి చెప్పినట్టు ఈవిడ చెప్పేసింది.

"మీకెలా తెలుసు?"

"నేను పెట్టాను కనక తెలుసు. పెట్టకపోతే లేదనే చెప్పేదాన్ని. దీపం ఆపించండి. సబ్బు అడ్డుపడుంటుంది."

"సబ్బా?!"

మాస్టారు దీపం ఆపి, వేడి తగ్గనిచ్చి, రేకు తీసి చేతిలో పెట్టాడు. తలుపు తెరిపించి, సూదత్త వెలుగులోకి వచ్చి కళ్ళజోడు పెట్టుకుంది. రేకులో అంతా తిరగబడి ఉంటుంది, పైది కిందకి, ఎడమది కుడికి. ఆవిడ వెతుక్కోలేదు, నేరుగా అక్కడికే పోయింది. అంచున ఎక్కడో ఇరుక్కున్న సబ్బుపిసరు దీపం వేడికి కరిగి, జారి, ఆ ఒక్క కన్నం మూసింది. చెవి పక్కనుంచి ఒక నెరిసిన వెంట్రుక పీకి, వేళ్ళ మధ్య నిటారుగా పట్టుకుని పోనిచ్చింది. వెంట్రుక అవతల తేలింది. రేకుని ఒక్కసారి ఊది ఇచ్చేసింది.

మళ్ళీ చీకటి. మళ్ళీ తేలు. ఇంజినీరుగారు బైనాక్యులర్స్ ఎత్తారు. జంటచుక్కలు, మూడు మెట్లు, నడిమి మెట్టుకి ఎడమపక్కన సన్నటి చుక్క. ఆయన ఇక లెక్కపెట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, పటం మడిచి జేబులో పెట్టుకుని, ఊరికే ఆకాశం చూశారు. చాలాసేపు చూశారు.

దీపాలు వెలిగాక మాస్టారి గదిలో పనిముట్ల రిజిస్టరు తెప్పించారు. ముప్ఫై రెండు రేకులకీ ముప్ఫై రెండు వరసలున్నాయి. రేకు నంబరు, రాశి, చేసినవారు, చేసేవారి వృత్తి. అన్నింటిలోనూ ఆ మూతపడిన కంపెనీ పేరే ఉంది. ఇంజినీరుగారు ఇరవై రెండో వరస కొట్టేసి, కింద కొత్త వరస గీసి, 'వృశ్చికం' అని తనే రాసి, కలం సూదత్తకి ఇచ్చారు.

"మీ పేరు రాయండమ్మా. పక్క గడిలో మీరు చేసే పని కూడా."

పేరు రాసింది. పక్క గడి దగ్గర కలం ఆగింది. 'కళాకారిణి అని రాయండి అత్తా' అని మాస్టారు మెల్లిగా అందించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నలభై ఒక్క ఏళ్ళ పనికి ఇవాళ కొత్త పేరెందుకు? గుండ్రటి అక్షరాలతో, అక్షరానికీ అక్షరానికీ మధ్య సమానంగా దూరం ఉంచి, 'చిల్లులు పెడతాను' అని రాసింది. ఇంజినీరుగారు చదివి, పక్కన సంతకం పెట్టి, ముద్ర వేశారు.

ఆ సోమవారం నుంచి నక్షత్రశాల మళ్ళీ తెరిచారు. తలుపు దగ్గర టిక్కెట్లు చూడటానికి మనిషి లేడంటే, ఊరికే కూర్చోలేని కండక్టరు టిక్కెట్లకి చిల్లులు పొడిచే తన పాత పంచి తీసుకుని వెళ్ళి నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరి టిక్కెట్టుకీ ఒక్కో చిల్లు పెట్టి, "తేలు కొండి పక్కన చూడండి. ఎనభై. నమ్మకం లేకపోతే లెక్కపెట్టుకోండి. మా ఆవిడ పెట్టినవి" అని చెప్పి గానీ లోపలికి పంపడు. ఒకరోజు వరసలో జనాభా లెక్కల గుమాస్తా, పెళ్ళాన్ని తీసుకుని వచ్చాడు. అతన్ని కండక్టరు గుర్తుపట్టాడు. అతను మాత్రం గుర్తుపట్టలేదు.

"మీ ఆవిడ పెట్టారా? ఏం చేస్తారండీ ఆవిడ?" అన్నాడు మర్యాదగా.

కండక్టరు అతని టిక్కెట్టు తీసుకుని, పంచి నొక్కి, ఆ చిల్లులోంచి అతన్నే ఒక కంట చూస్తూ చెప్పాడు.

"చిల్లులు పెడుతుంది బాబూ. ఈసారి సరిగ్గా రాసుకో."